అమ్మ కట్టిన ముడి

గ్యాసు సిలిండరు వాల్వు తిప్పేయగానే కోళ్ల షెడ్డులో బుస ఆగిపోయింది, ఆగాక గాని తెలియలేదు అంతసేపూ ఆ చప్పుడు ఉన్నదని, హీటర్లన్నీ కలిసి చేసే ఆ సన్నటి బుసను నిన్న సాయంత్రం నుంచీ వింటూనే ఉన్నాను, చెవులకు అలవాటైపోయింది. ఇప్పుడు కోడిపిల్లల కీచుకీచులు తప్ప ఇంకేమీ లేదు. షెడ్డు గోడ బయట, రేకు చూరు కింద, సిలిండరు పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను, వాల్వు మీద నుంచి చెయ్యి తీయడం లేదు, తీస్తే ఎవరైనా వచ్చి మళ్లీ తిప్పుతారేమోనని. ఇనుము చల్లగా ఉంది, సిలిండరు పొట్ట చుట్టూ సన్నగా మంచు పట్టి ఉంది, వేళ్లు తిమ్మిరెక్కాయి. పొగమంచులో ఎల్లారెడ్డి రోడ్డు కనిపించడం లేదు, బస్సు పోయిన చప్పుడు మాత్రం వినిపిస్తోంది. "గంత మొత్తుకుంటే నేను షెడ్డు కాలిందనుకున్న," అంటోంది లోపల అమ్మతో ఈరవ్వ పెద్దమ్మ, మా పక్క షెడ్డు ఆమెదే, నా అరుపు విని చెప్పుల్లేకుండా ఉరికి వచ్చింది. "వచ్చి చూస్తే పొగ లేదు మంట లేదు. ఏం పొల్లనే నీది గంగామణీ. పామును చూసినోళ్లు సుత గింత మొత్తుకోరు." అమ్మ మాకు కోడిపిల్లలనిచ్చే కంపెనీ సూపర్‌వైజరు చక్రధర్ సారుకు ఫోన్ చేసింది. ప్రెషరు చూసే మీటరు తెస్తానని, తాను వచ్చేదాకా ఎవ్వరూ ఏదీ ముట్టించొద్దని ఆయన చెప్పాడట. ఎల్లారెడ్డి నుంచి ఈ మంచులో బండి మీద రావాలంటే ఒక గంటైనా పడుతుంది. ఆ గంటంతా నేను ఇక్కడే ఉంటాను, ఎవరి మొహమూ చూడకుండా.

సిగ్గుగా ఉంది. అరిచినందుకు సిగ్గుగా ఉంది, బాపు పాత స్వెటరు వేసుకుని, జుట్టు విరబోసుకుని, షెడ్డు చుట్టూ ఉరుకుతూ పరదాలు ఎత్తేసినందుకు సిగ్గుగా ఉంది, రోడ్డు మీద పాల క్యాన్లతో పోతున్న మనిషి బండి ఆపి చూసినందుకు సిగ్గుగా ఉంది. ఆ గొంతు నాదేనా. అది నాలో ఎక్కడ ఉంది ఇన్ని రోజులు. నేను చూసింది చిన్నదే. తెల్లవారి పిల్లలకు నీళ్ల డబ్బాలు మార్చడానికి లోపలికి వెళ్లాను, కొత్త పిల్లలు, నిన్న కామారెడ్డి రోడ్డు వైపు నుంచి వ్యానులో వచ్చిన పసుపు ముద్దలు, హీటర్ల కింద ఊక మీద గుండ్రంగా పడుకుని ఉన్నాయి. చివరి హీటరు దగ్గర మాత్రం అలా లేవు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా పడి ఉన్నాయి, చలేసినప్పుడు అవి అట్లాగే చేస్తాయి. కుప్పను విడదీద్దామని ఊకలో కూర్చున్నాను. కూర్చుంటేనే వచ్చింది గ్యాసు వాసన. లేచి నిలబడితే లేదు. మళ్లీ వంగితే ఉంది. నేలకు దగ్గరగా, పిల్లల ముక్కులు ఉండే ఎత్తులో, పారే నీళ్లలాగా. పైకి చూస్తే ఆ హీటరు లోపల ఎర్రదనం లేదు. దాని పక్క హీటరు మాత్రం భగభగా మండుతోంది. ఆ తర్వాత కాళ్లు ఎటు పోయాయో నేను చెప్పలేను, వాల్వు దగ్గరికి పోయాయి.

ఇప్పుడు అమ్మా పెద్దమ్మా పిల్లలను ఏరి, అవి వచ్చిన చిల్లుల అట్టపెట్టెల్లోనే మళ్లీ వేస్తున్నారు. పెట్టెకు పెట్టె ఆనించి, మీద పాత చీరలు, దుప్పట్లు కప్పి, ఇంట్లోకి మోస్తున్నారు, వంటింట్లో కట్టెల పొయ్యి దగ్గరికి. అమ్మ నా పక్క నుంచి పోయిన ప్రతిసారీ నేను తల వంచుకుంటున్నాను. దుప్పటి అంచు నా చేతికి తగిలి పోతోంది. ఒక పెట్టె మీద కప్పింది అమ్మ పెండ్లి నాటి శాలువా, నాకు తెలుసు ఆ అంచు. పరదాలు ఎత్తి చలిగాలిని లోపలికి రానిచ్చింది నేను. లీకు ఏమీ లేదని తేలితే, చచ్చిపోయిన ప్రతి పిల్లా నా వల్లే చచ్చినట్టు. "నాకైతే ఏం వాసన రాలే," అంటోంది పెద్దమ్మ, "కోళ్ల కంపు తప్ప ఇంకేం తెలుస్తది మన ముక్కులకు. చీకటిగున్నది, లైటెయ్యనా." లేచి తలుపు దగ్గరికి పరుగెత్తాను. "పెద్దమ్మా, స్విచ్ వెయ్యకు." అది అరుపు కాదు, కానీ ఆమె చెయ్యి ఆగింది. "లైటుకు సుత భయమేనా బిడ్డా నీకు," అని నవ్వింది, అమ్మ వైపు తిరిగి, "దీన్ని షాదీ చేసి పంపితే అత్తగారింట్ల పొయ్యి ముట్టిస్తదో లేదో చూడు." అమ్మ నవ్వలేదు. "సారు వచ్చేదాక ఆగుదాం తియ్ అక్కా," అన్నది. అమ్మ నన్ను నమ్మి అన్నదా, పెద్దమ్మను ఊరుకోబెట్టడానికి అన్నదా, తెలియలేదు. మళ్లీ వచ్చి సిలిండరు దగ్గర కూర్చున్నాను.

బడిలో కూడా నేను ఇంతే. జవాబు తెలిసినా చెయ్యి ఎత్తను, ఎత్తితే లేచి నిలబడాలి, నిలబడితే చుట్టుపక్కల వాళ్లకు నా యూనిఫాం మీద షెడ్డు వాసన తగులుతుందేమో, సబ్బుతో ఎంత రుద్దినా పోదు, జడలో ఉంటుంది, చున్నీ మడతల్లో ఉంటుంది. నా పక్కన కూర్చునే కృపాజ్యోతి ఎప్పుడూ ఏమీ అనదు, అననందుకే నాకు ఎక్కువ సిగ్గు. సాయిలతా, నువ్వు మాట్లాడితే మేం వినాలని ఉన్నది అని సైన్సు టీచరు ఒకసారి అంటే క్లాసంతా తిరిగి చూసింది, ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాశాను, నన్ను ఎవరూ చూడకుండా ఉంటే బాగుండు అని. మస్కట్ నుంచి బాపు ఫోన్ చేసినా నేను ఊఁ, ఆఁ అనే అంటాను, మా బిడ్డ మాటలు పొదుపుగా వాడతదని ఆయన నవ్వుతాడు. ఈ రోజు ఫోన్ చేస్తే అమ్మ చెబుతుంది, నీ బిడ్డ పొద్దుగాల ఊరంతా వినేటట్టు మొత్తుకున్నదని. ఆయన నమ్మడు. లేక నమ్మి ఏమైందని అడుగుతాడు. ఏం చెప్పాలి. వాసన వచ్చింది బాపూ, వంగితేనే వచ్చింది. ఒట్టు. ఇప్పుడు ముక్కులో ఏమీ లేదు, మంచు వాసన, ఊక వాసన. నిజంగా వచ్చిందా. ఏమో. గాలి అంతా బయటికి పోయాక రుజువు ఎక్కడి నుంచి తెస్తాను. నా అనుమానం నాకే అబద్ధంలాగా అనిపించడం మొదలైంది, అరిచిన పిల్ల ఎవరో, ఇక్కడ కూర్చున్న పిల్ల ఎవరో.

పోయిన ఎండాకాలం కామారెడ్డిలో కంపెనీ వాళ్లు మీటింగు పెట్టారు, షెడ్లు నడిపే ఆడవాళ్లందరినీ పిలిచారు, అమ్మ నన్ను తోడు తీసుకుపోయింది. పెద్ద హాలు, ఫ్యాన్ల చప్పుడు, వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలు. ఒకాయన హీటరును బల్ల మీద పెట్టి చూపించాడు. గ్యాసు గాలి కంటే బరువు, లీకైతే నేలను పట్టుకుని పారుతుంది అన్నాడు, అగ్గిపుల్లతో వెతకొద్దు, సబ్బు నురగ రాసి చూడండి అన్నాడు. గొట్టంలో ప్రెషరు తక్కువైతే మంట ఆరిపోతుంది, అప్పుడు గ్యాసును ఆపేది ఈ బటను అన్నాడు. ముట్టించేటప్పుడు దీన్ని నొక్కి పట్టుకోవాలి, మంటలో ఉన్న చిన్న రాగి పుల్ల వేడెక్కితే బటను నిలుస్తుంది, మంట పోయి పుల్ల చల్లబడితే బటను తనంతట తనే బయటికి వచ్చి గ్యాసు మూసేస్తుంది. అమ్మ అప్పుడు నిద్రపోయింది. పెరిగిన వెనకటి బ్యాచ్ కోళ్లను కంపెనీ ఎత్తుకుపోయి రెండు రోజులే అయింది, ఆ రెండు రోజులూ షెడ్డు కడుగుతూనే ఉంది, హాలులో కూర్చోగానే తల నా భుజం మీద వాలిపోయింది, నోరు కొంచెం తెరుచుకుంది. నేను కదలకుండా కూర్చున్నాను, అమ్మ లేవకూడదని. బరువుగా, వెచ్చగా ఉంది ఆ తల, జుట్టులో ఊక. ఆ మాటలన్నీ నేనే విన్నాను, అమ్మ వినలేదు. తిరుగు బస్సులో ఏం చెప్పిండ్రు అని అడిగింది కూడా. జాగ్రత్తగా ఉండమన్నారు అన్నాను. అంతే అన్నాను. ఎక్కువ చెప్పడం నాకు రాదు.

బటను తనంతట తనే బయటికి వస్తుంది. అయితే చివరి హీటరు మంట ఆరిపోతే గ్యాసు ఎందుకు వచ్చింది. లేచాను. వాల్వును మరోసారి బిగించి చూసి, లోపలికి వెళ్లాను. పెట్టెలన్నీ పోయాక షెడ్డు పెద్దగా, ఖాళీగా ఉంది, హీటర్ల చుట్టూ కట్టిన గుండ్రటి రేకు దడుల్లో కాగితాలు, రెట్టలు, అక్కడక్కడా లేవని పిల్ల ఒకటి, ఇంకొకటి. చివరి హీటరు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. హీటరు మీది టోపీలాంటి రేకు మూతకు అమ్మ పెట్టిన పసుపూ కుంకుమ బొట్లు, కింద బంతిపువ్వు, బటను చుట్టూ పసుపు దారం. ఎన్నో పేటలు, ఒకదాని మీద ఒకటి, గట్టిగా, వెనక గొట్టానికి చుట్టి ముడి వేసి ఉంది. బటను లోపలికి నొక్కుకునే ఉంది. మంట లేదు, పుల్ల చల్లగా ఉంది, గ్యాసు లేదు, బటను మాత్రం లోపలే ఉంది. దారం దాన్ని నొక్కి పట్టుకుంది. ఎంతసేపు చూశానో. ఎన్నో బ్యాచ్‌ల నుంచి చూస్తున్న దారమే, ప్రతిసారీ అది పూజ అనుకుని చూశాను, అమ్మ చేతి పసుపు అనుకుని చూశాను, బటను మీద ఉన్నదని ఒక్కసారీ చూడలేదు.

అది మా మొదటి బ్యాచ్ నాటి సంగతి. బాపు మస్కట్ పోయిన కొత్తలో. ఆ హీటరు ఎంతకీ నిలిచేది కాదు, నొక్కి వదిలితే ఆరిపోయేది, మళ్లీ ముట్టిస్తే మళ్లీ ఆరిపోయేది, అమ్మ ఏడుస్తూ పోచమ్మకు మొక్కుకుని, పసుపు దారం తీసి దాని మెడకు కట్టినట్టు కట్టింది, మంట నిలబడింది. ఆ బ్యాచ్ మంచిగా వచ్చింది. అప్పటి నుంచి పిల్లలు దిగిన రోజు అమ్మ తలస్నానం చేసి దారం కడుతుంది, ఆ హీటరును అమ్మ తప్ప ఎవరూ ముట్టించరు. ఈరవ్వ పెద్దమ్మ వచ్చి, నా షెడ్ల సుత నీ చేత్తోని కట్టు గంగామణీ, నీ చెయ్యి మంచిది అన్నది. తర్వాత రోడ్డవతలి రమ వాళ్లు పిలిచారు, ఆ తర్వాత ఇంకెవరో. ఎవరింట్లో పిల్లలు దిగినా అమ్మను పిలుస్తారు, అమ్మ మంచి చీర కట్టుకుని పోతుంది, పీట వేస్తారు, చాయ్ ఇస్తారు, బొట్టు పెట్టి పంపుతారు. మిగతా రోజుల్లో అమ్మను ఎవరూ దేనికీ పిలవరు. మగదిక్కు లేని ఇల్లని మా ఇంటికి కబురు ఆఖరున వస్తుంది. ఆ దారం ఒక్కటే అమ్మకు ఉన్నది. ఇప్పుడు నేను చెప్పాలి, అమ్మా, నీ దారమే గ్యాసును వదిలింది అని. చెప్పకుండా ఉండవచ్చు కూడా. ముడి విప్పి చున్నీ కొసలో దాచుకుంటే, బటను బయటికి వస్తుంది, అంతా అయిపోతుంది, నేను భయపడ్డ పిల్లగా మిగులుతాను, అది నాకు కొత్త కాదు. వేలు పెట్టాను. ముడి రాలేదు, పసుపు నీళ్లలో తడిసి ఎండి రాయిలా ఉంది. రోడ్డు మీద బండి చప్పుడు. పెద్దమ్మ షెడ్డులో కూడా ఇదే ముడి ఉంది కదా. రమ వాళ్ల షెడ్డులో. అవన్నీ విప్పి దాచుకోవడానికి నా చున్నీకి కొసలు ఎక్కడివి.

చక్రధర్ సారు చెవులకు కట్టుకున్న మఫ్లరు విప్పుతూ వచ్చాడు, మంచుకు కనుబొమలు తడిసి ఉన్నాయి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు, దారం కట్టిన షెడ్డులోకి ఆయన కూడా అట్లాగే వస్తాడు. "ఎవ్వలు బంద్ చేసిండ్రు సిలిండర్," అన్నాడు. ఎవరూ చెప్పక ముందే పెద్దమ్మ నన్ను చూపించింది. ఆయన నన్ను చూసి తలూపాడు, అంతే. ప్రతి హీటరు దగ్గరున్న చిన్న కుళాయిలన్నీ మూశాడు. గొట్టం చివరి మర తీసి మీటరు గొట్టం తొడిగాడు, వాల్వు తెరిచి, ముల్లు పైకి లేచాక మళ్లీ మూశాడు. "ఇగ సూస్కుంట ఉండాలె. ముల్లు కిందికొస్తే లైన్ల లీకున్నట్టు." నలుగురం ఆ గాజు బిళ్ల చుట్టూ నిలబడ్డాం. ముల్లు కదలలేదు. నేను దాన్ని కదలమని మొక్కుతున్నానా, కదలొద్దని మొక్కుతున్నానా. పెద్దమ్మ ఊపిరి నా మెడకు తగులుతోంది. ఆయన సబ్బు నురగతో అతుకులన్నీ తడిపి వచ్చాడు, ఎక్కడా బుడగ లేవలేదు. ముల్లు పెట్టిన చోటే ఉంది. "లైన్ మంచిగున్నది అక్కా. లీకు లేదు." పెద్దమ్మ నా వైపు చూసి పెదవి విరిచింది.

ఆయన వాల్వు మళ్లీ తెరిచి, ముందు వైపు నుంచి ఒక్కొక్క హీటరే ముట్టించుకుంటూ వచ్చాడు, ప్రతిదాని దగ్గరా బటను నొక్కి, ఓపికగా నిలబడి, వదిలాడు. ఒక్కొక్కటి మండే కొద్దీ మీటరు ముల్లు కొంచెం కొంచెం కిందికి దిగింది. "గిదీ సంగతి," అన్నాడు, "సిలిండర్ సల్లగై మంచు పట్టింది, ప్రెషర్ పడిపోతున్నది. ఆఖరుదానికి గ్యాస్ అందక ఆరిపోయి ఉంటది. గని ఆరిపోతే బటన్ బయటికొచ్చి గ్యాస్ బంద్ అయితది. వాసన వచ్చే ముచ్చటే లేదు. పాప భయపడ్డది, అంతే. రెండో సిలిండర్ కలుపుత. నీ హీటర్ నువ్వే ముట్టియ్యక్కా." అమ్మ అగ్గిపెట్టె తీసుకుంది. కొంగు నడుముకు దోపింది, టోపీకి దండం పెట్టుకుంది, వంగి కుళాయి మీద చెయ్యి వేసింది. అందరూ అమ్మను చూస్తున్నారు, ఎవరూ నన్ను చూడడం లేదు, ఎప్పుడూ నేను కోరుకున్నది అదే.

"బటన్ బయటికి రాదు సార్," అన్నాను. నాకే వినపడనంత మెల్లగా. అమ్మ చెయ్యి ఆగింది. "ఏందమ్మా," అన్నాడు సారు. "రాదు సార్. అమ్మ దారం కట్టింది. లోపలికే నొక్కుకొని ఉన్నది." చెప్పేశాక నేల చూశాను, ఊకలో నా కాలి వేళ్లు. ఆయన వచ్చి వంగి చూశాడు, చాలాసేపు చూశాడు, ముట్టుకోలేదు. ఎన్నిసార్లు చూసి ఉంటాడు ఆయన ఈ దారాన్ని. "నేను దేవునిదనుకొని ఇటు దిక్కు రాలేదక్కా ఎప్పుడు," అన్నాడు, ఆయన గొంతు కూడా తగ్గింది. "ఇప్పొచ్చునా."

"నేను కట్టింది నేనే ఇప్పుత," అన్నది అమ్మ. వేళ్లతో లాగింది, రాలేదు. హీటరు కింద ఊకలో కూర్చుని, తల పక్కకు వంచి, పళ్లతో కొరికింది. పెదాలకు పసుపు అంటుకుంది. దారం తెగగానే బటను టక్కున బయటికి వచ్చింది. చిన్న చప్పుడు, కోడిపిల్ల ముక్కుతో డబ్బాను పొడిచినంత. అమ్మ దాన్ని వేలితో నొక్కి వదిలింది, మళ్లీ నొక్కి వదిలింది, ప్రతిసారీ అది బయటికి వచ్చింది. ఆ మొహం చూడలేకపోయాను. సారు లోపలి రాగి పుల్లను గుడ్డతో తుడిచి, మసి రాల్చి, కుళాయి తిప్పి ముట్టించి, బటను నొక్కి పట్టుకుని వదిలాడు. మంట నిలిచింది. దారం లేకుండా నిలిచింది. అమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. మసి తుడిస్తే పోయేదానికి ఇంత చేశానా, అన్నట్టు.

"సర్లె, అయిందేదో అయింది," అన్నది పెద్దమ్మ, ఆమె నవ్వు ఎక్కడికో పోయింది, "నా షెడ్లది నేను మెల్లగ ఇప్పుకుంట. ఊర్లె ఎందుకు చెప్పుడు గంగామణీ, నవ్వుతరు. సారూ, నువ్వు సుత ఎవ్వలకు చెప్పకు." సారు మీటరు గొట్టం చుట్టుకుంటున్నాడు. అమ్మ లేచి చీర మీది ఊక దులుపుకుంది. "మెల్లగ ఎందుకక్కా," అన్నది, "నీ పిల్లలు మొన్ననే దిగినయి గద. ఇప్పుడే ఆడ మంట ఆరితే." పెద్దమ్మ తన షెడ్డు దిక్కు తిరిగింది. "రమోళ్లకు నేను కట్టిన. వాళ్లను చూసి ఇంకెవలో వాళ్లంతట వాళ్లే కట్టుకున్నరని విన్న. నేను చెప్పకుంటే కట్టుకుంటనే పోతరు." తెగిన దారాన్ని ఎక్కడ పడేయాలో తెలియక కాసేపు పట్టుకుని, చివరికి హీటరు మంటలోనే వేసింది. "పిల్లలను లోపలికి తేండ్రి సారూ, సలికి సస్తయి. అక్కా, నువ్వు ముందుగాల సిలిండర్ బంద్ చేసి నీది ఇప్పు. నేను వస్త." తలుపు దాటాక వెనక్కి తిరిగింది. "నువ్వు రా లతా. కట్టింది నేనని నేను చెప్త. గా బటన్ ముచ్చట నాకు చెప్పుడు రాదు, నువ్వు చెప్పాలె."

మంచు ఇంకా విడలేదు. అమ్మ ముందు, నేను వెనక. చెప్పు తెగిందేమో, అమ్మ ఒక కాలు ఈడ్చి నడుస్తోంది, అయినా అందుకోలేకపోతున్నాను. ఇది తెలిస్తే అమ్మ ఓర్చుకోలేదని అనుకున్నాను నేను. ముడిని దాచిపెట్టాలని చూశాను, అమ్మ కోసమే అనుకున్నాను. పెదాల మీది పసుపు తుడుచుకో అని చెప్పాలనుకున్నాను, చెప్పలేకపోయాను. రోడ్డు దాటి రమ వాళ్ల షెడ్డు ముందుకు వచ్చేసరికి వాళ్లింటి వాళ్లంతా అక్కడే ఉన్నారు, మేత బస్తాలు దించుతూ, రమ, ఆమె అత్త గంగాబాయి, ఇంకా ఎవరో ఇద్దరు మగవాళ్లు. గంగాబాయి లేచి, రా గంగామణీ అంటూ పీట వేయబోయింది. "పీట వద్దు అత్తా," అన్నది అమ్మ నిలబడే, "నేను కట్టింది తప్పు. మీ హీటర్‌ది ఇప్పుడే ఇప్పాలె, ముందుగాల సిలిండర్ బంద్ చెయ్యుండ్రి. ఎందుకో నా బిడ్డ చెప్తది." అందరూ నా వైపు తిరిగారు. చెవులు కాలిపోతున్నాయి, స్వెటరు చేతులు పొడుగై వేళ్ల మీదికి జారుతున్నాయి, నా మీద షెడ్డు వాసన వాళ్లకు తగులుతూనే ఉంటుంది, వాళ్ల మీద కూడా అదే వాసన. "మంట ఉన్నదా లేదా అని చూసేది గా బటనే," అన్నాను. అక్కడే ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అమ్మ నా పక్కన నిలబడి, ఆ హాలులో నిద్రపోయినప్పుడు పోయిన మాటలన్నీ ఇప్పుడు వింటున్నట్టు, నేను చెప్పిన ప్రతి మాటకూ తలూపుతూ వింది.